వైరు తీసేసిన స్పీకరులో మా ఆయన గొంతు

దయ్యాలున్నాయని ఎవరైనా నా ముందు అంటే ఊరుకునేదాన్ని కాదు. మా పిన్ని అద్దె ఇంట్లో గజ్జెల చప్పుడు వస్తోందని ఊరంతా చెప్పుకుంటే, నేను వెళ్లి రెండు రోజులు కాపలా కాసి, అది పై వాటా వాళ్ల కుక్క మెడలో గంట అని తేల్చి వచ్చాను. పిన్ని నాకు థాంక్స్ చెప్పలేదు సరికదా, మూడు నెలలు మాట్లాడటం మానేసింది. జనానికి కారణం తెలియడం కంటే కథ ఉండటమే ఇష్టమని అప్పుడే అర్థమైంది.

నేను గుంటూరులో బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. ఇది చదివి మీరు నమ్మాలని నాకేం లేదు. నేను ఏం విన్నానో, ఆ మాటలన్న ఇద్దరూ ఏం ఒప్పుకున్నారో, మూడో మనిషి దగ్గరికి వెళ్లి నేను ఏం సరిచూసుకున్నానో, అంతవరకే రాస్తాను.

మేం సూరత్ వచ్చి పదహారేళ్లు. మా ఆయన హజీరాలో ఒక ఫ్యాక్టరీలో మెకానికల్ ఇంజనీరు. పొద్దున్నే కంపెనీ బస్సెక్కి ఇచ్ఛాపూర్ మీదుగా వెళ్లి, సాయంత్రం ఆరున్నరకు ఇంట్లో ఉంటారు. నేను శని, ఆదివారాలు పిల్లలకు కర్ణాటక సంగీతం నేర్పేదాన్ని. పదకొండు మంది. అందరూ ఇక్కడి తెలుగు ఇంజనీర్ల పిల్లలే. ఇంట్లో తెలుగు, బయట గుజరాతీ, తమలో తాము హిందీ మాట్లాడుకునే ఆ పిల్లలు నా ముందు కూర్చున్న గంటసేపూ ఒక్క శ్రుతిలో ఉండేవాళ్లు. నా జీవితంలో నేను గర్వపడే పని అదొక్కటే.

స్పీకర్లు నాన్‌పురాలో దొరికాయి. అక్కడ ఒక పార్సీ కుటుంబం పాత ఇల్లు ఖాళీ చేస్తూ సామాను అమ్మేస్తోంది. నా భుజం ఎత్తున్న రెండు పలకలు, చూడటానికి తలుపు రెక్కల్లా ఉన్నాయి. ఎనభైల్లో విదేశం నుంచి ఓడలో తెప్పించుకున్నారట. మామూలు స్పీకరులో ఉండే గుండ్రటి కాగితం కోను వీటిలో ఉండదు. రెండు అయస్కాంతాల మధ్య, పైనుంచి కిందికి, సన్నటి ముడతలు పెట్టిన అల్యూమినియం రేకు వేలాడుతుంది. వెంట్రుక కంటే పల్చన. దాన్నే రిబ్బన్ అంటారు. కరెంటు పారితే ఆ రేకే వణికి పాడుతుంది.

చిక్కంతా ఆ రేకును పాడించగల ఆంప్లిఫైయరును వెతకడంలో ఉంది. మామూలు స్పీకరు ఎనిమిది ఓములుంటుంది, ఆంప్‌కు సులువు. వీటిది ఒక ఓము కూడా లేదు. ఆంప్ వైపు నుంచి చూస్తే అక్కడ స్పీకరు ఉన్నట్టే ఉండదు, రెండు వైర్లూ కలిపి ముడేసినట్టు ఉంటుంది. మా ఆయన తన హోమ్ థియేటర్ ఆంప్ తగిలించారు. పాట మొదలవగానే లోపల టక్కుమంది, ఆగిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ టక్కు. ఆయన స్నేహితుడి ఇంటి నుంచి పెద్ద ఆంప్ తెచ్చారు. అది ఇరవై నిమిషాలు పాడి, ఇల్లంతా కాలిన ప్లాస్టిక్ వాసన నింపి, చల్లబడింది.

అప్పుడు రాజేశం వచ్చాడు. లింబాయత్‌లో చిన్న షాపు. వాళ్ల తాత కాలంలోనే సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి వచ్చిన కుటుంబం. ఇతను ఇక్కడే పుట్టి, పవర్‌లూమ్ మోటార్లకు కాయిల్ చుట్టడంతో మొదలుపెట్టి ఆంప్‌లు చేయడంలోకి దిగాడు. మీటరు పెట్టి చూసి నవ్వాడు.

"గిది స్పీకర్ కాదక్కా, కరెంటు తాగే బర్రె. దీనికి దాణా గూడ గట్లనే పెట్టాలె."

నాలుగు నెలలు పట్టింది. మగ్గం మోటార్లకు చుట్టే మనుషుల చేతే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించాడు. ఒక్కో వైపుకు ఎనిమిది జతల ట్రాన్సిస్టర్లు పెట్టాడు. ఇద్దరు మనుషులుంటే తప్ప లేవని ఇనుప పెట్టె అయింది. స్పీకరుకు వెళ్లే దారిలో ఒక ఫ్యూజ్ కూడా పెట్టాడు. దాని మీదే మాకు వారం రోజులు యుద్ధం జరిగింది. ఫ్యూజ్ ఉంటే గొంతు మీద ఒక పొర కప్పినట్టు నాకు వినపడేది. తీసెయ్యమన్నాను.

"ఫ్యూజ్ లేకుంటె, ఆంప్‌ల ఏమన్నయితే రేకు కాలిపోతదక్కా. మళ్లా గసుంటి రేకు దొరకది."

"నువ్వు చేసిన ఆంప్ మీద నీకే నమ్మకం లేదా?" అన్నాను.

రాజేశం స్క్రూడ్రైవరు అందుకున్నాడు. ఫ్యూజ్ తీసేశాడు. వాదనలో గెలవడం నాకు ఇష్టం, దాచుకోను.

ఆ రోజు మా గురువుగారి పాత కచేరీ రికార్డింగు పెట్టాను. ఆవిడ పల్లవి ఎత్తుకునే ముందు పీల్చిన ఊపిరి వినపడింది. ఆవిడ పోయి తొమ్మిదేళ్లయింది. మా ఆయన వంటగది గుమ్మంలో నిలబడి, "ఇక మనతో మాట్లాడవేమో నువ్వు" అన్నారు నవ్వుతూ. రాజేశం మాత్రం తన పెట్టెనే చూస్తూ, దాని వీపు మీద చెయ్యి వేసి వేడి చూసుకుంటున్నాడు, జ్వరం వచ్చిన పిల్లాడిని చూసినట్టు.

కిందటేడు వేసవిలో చెల్లెలి గృహప్రవేశానికి హైదరాబాద్ వెళ్లి పది రోజులున్నాను. తిరిగొచ్చి అదే రికార్డింగు పెట్టాను. ఊపిరి లేదు. గొంతుంది, తాళం ఉంది, కానీ అన్నిటి మీదా పల్చటి దుప్పటి కప్పినట్టుంది.

మా ఆయన్ని అడిగితే, "అలాగే ఉంది కదా" అన్నారు. రాజేశాన్ని పిలిపించాను. మీటరు పెట్టాడు, తల ఎత్తకుండా, "అంతా బరాబర్ ఉందక్కా" అన్నాడు. నేను ఊరుకోలేదు. కుడి వైరు ఎడమకు, ఎడమ వైరు కుడికి మార్చి విన్నాను. స్పీకర్ల వైపు వీపు పెట్టి కూర్చుని విన్నాను. రెండు వైపులా ఒకే మందం. ఒక స్పీకరు చెడితే రెండో దానితో పోల్చి పట్టుకోవచ్చు. రెండూ ఒకేలా ఉన్నాయంటే లెక్క ప్రకారం తేడా ఉండాల్సిన చోటు ఇంకొక్కటే మిగిలింది.

ఆ మాట మా ఆయన చాలా మెల్లగా అన్నారు. "యాభై దాటాం ఉమా. నాకు మందు సీసా మీద అక్షరాలు కనపడటం లేదు. నీకు చెవులేమో. అందులో తప్పేముంది?"

అడాజన్‌లో చెవుల డాక్టరు దగ్గరికి ఆయనే తీసుకెళ్లారు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కాగితం మీద గీత కొంత దూరం తిన్నగా వెళ్లి, చివర్లో కిందికి వంగింది. ఈ వయసుకు మామూలేనన్నాడు డాక్టరు. బయట బల్ల మీద మా ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. ఇంటికొచ్చే దారిలో బండి ఆపి, నాకిష్టమని లోచో, ఇక్కడి శనగపిండి టిఫిను, కట్టించారు.

ఆ తర్వాతి శనివారం హరిణి అనే పిల్ల పాడుతుంటే ఒక చోట శ్రుతి తప్పినట్టనిపించి ఆపాను. "తప్పలేదాంటీ" అంది. పదమూడేళ్ల పిల్ల, నా లాగే మొండి. ఇంకో రోజైతే పది సార్లు పాడించి తేల్చేదాన్ని. ఆ రోజు ఆ వంగిన గీత గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. సరిగా వినపడని మనిషి పిల్లలకు తప్పు చెప్పడం కంటే మోసం ఉండదనిపించింది. నెల తిరక్కుండానే, ఒంట్లో బాగుండటం లేదని తల్లిదండ్రులకు చెప్పి క్లాసులు ఆపేశాను. శ్రుతిపెట్టె బీరువా మీదికెక్కింది. ఎక్కించింది మా ఆయనే, నాకు అందదని.

ఎనిమిది నెలలు గడిచాయి.

ఒక మంగళవారం మా సొసైటీలో ట్రాన్స్‌ఫార్మర్ మారుస్తున్నారు, పది నుంచి నాలుగు వరకు కరెంటు ఉండదని లిఫ్టులో నోటీసు అంటించారు. ఒక కాపీ మా తలుపు సందులో కూడా పెట్టి వెళ్లారు. ఫ్యాను లేదు, ఫ్రిజ్ లేదు, లిఫ్టు చప్పుడు లేదు. రాజేశం దుమ్ము దులిపి సరిచేసి తెస్తానని ఆంప్‌ను మూడు రోజుల కిందటే లింబాయత్ పట్టుకుపోయాడు. స్పీకర్ల వెనక వైర్లు కూడా లేవు, అతనే చుట్టి తీసుకెళ్లాడు. ఈ రెండు సంగతులూ గుర్తు పెట్టుకోండి. ఇంట్లో కరెంటు లేదు. ఉన్నా దాన్ని ఆ రేకు దాకా తీసుకెళ్లేది ఏదీ లేదు.

పన్నెండూ ముప్పావుకు నేను మెత్తటి బ్రష్‌తో ఎడమ పలక మీద దుమ్ము దులుపుతున్నాను. ఎక్కడో ఫోనులో ఎవరో మాట్లాడుతున్నట్టు వినపడింది. నా ఫోను పడకగదిలో ఉంది. వెళ్లి చూశాను, మోగలేదు, పాడటం లేదు. తిరిగొస్తే చప్పుడు అలాగే ఉంది. బాల్కనీ తలుపు మూశాను. పెరిగింది. ఎక్కణ్ణుంచని వెతుక్కుంటూ వెళ్లి పలక మీది బట్టకు చెవి ఆనించాను.

ముందు టిక్, టిక్, టిక్ అని ఏదో యంత్రం తిరుగుతున్న చప్పుడు. నేనెరగని ఒక ముసలి గొంతు, గుజరాతీలో, "ధీమే, ధీమే" అంది, మెల్లగా అని. తర్వాత మా ఆయన.

"రెండూ మార్చెయ్ రాజేశం. ఒకటే మారిస్తే వెంటనే పట్టేస్తుంది."

"రెండు మార్చినా పట్టుకుంటది సార్. అక్కవి పాము చెవులు. చెప్పేద్దాం సార్. తిడితె తిడతది."

"తిట్టి ఊరుకుంటే బాగానే ఉండును. ఏడాది వాదిస్తుంది. ఏమన్నా అంటే వయసు మీదికి తోసేస్తాను. ఆ మాటకు దాని దగ్గర జవాబుండదు."

ఆ ముసలి గొంతే, "బస్, థఈ గయుం" అంది, చాలు, అయిపోయిందని. అంతే. పలక మళ్లీ పలకైపోయింది.

నేను కేక పెట్టలేదు, పారిపోలేదు. చదువుకున్న చదువు చేతుల్లో ఉంటుందనుకుంటాను. తలుపు సందులో పెట్టిన సొసైటీ నోటీసు తిరగేసి, విన్నది విన్నట్టు, గుజరాతీ ముక్కలతో సహా రాసి, టైము వేశాను. ఆ తర్వాత పలక చుట్టూ, వెనక, కింద వెతికాను. ఫోను గానీ, రేడియో గానీ, ఎవరైనా దాచిన చిన్న యంత్రం గానీ లేదు. కిందా మీదా ఫ్లాట్లకు వెళ్లి చూశాను. ఒక ఇంటికి తాళం, ఇంకో ఇంట్లో అవ్వ నిద్రపోతోంది.

సాయంత్రం మా ఆయన వచ్చారు. టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, కాగితం చదివాను. ఎవరు ఏ మాట అన్నారో కూడా చెప్పలేదు, ఊరికే వరసగా చదివాను.

ఆయన కప్పు బల్ల మీద పెట్టి, "రాజేశం చెప్పాడా?" అన్నారు.

'నేనలా అనలేదు' అని అనలేదు. 'ఇదేంటి' అని అడగలేదు. ఎవరు చెప్పారని మాత్రమే అడిగారు.

అక్కడే, ఆయన ముందే, రాజేశానికి ఫోను చేసి స్పీకరులో పెట్టి మళ్లీ చదివాను. వెనక మగ్గాల చప్పుడు వినపడుతోంది. "సార్ చెప్పిండా అక్కా?" అన్నాడు.

ఇద్దరూ కూడబలుక్కుని నాటకం ఆడలేదనడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

జరిగింది ఇది. నేను హైదరాబాద్‌లో ఉండగా మా ఆయన క్రికెట్ మ్యాచ్ ఆ స్పీకర్లలో పెట్టి, స్టేడియంలో కూర్చున్నట్టుండాలని సౌండు పెంచారు. ఆంప్‌లో ఒక ట్రాన్సిస్టరు షార్టయింది. కుడి పలకలో రేకు హీటరు కాయిల్‌లా వేడెక్కి తెగింది. ఆపడానికి మధ్యలో ఫ్యూజ్ లేదు. రాజేశం బేగంపురాలో జరీ పనివాళ్ల దగ్గరికి పరిగెత్తాడు. చీరల అంచులకు కుట్టే రేకుకు ముడతలు పెట్టే పళ్ల రోలరు వాళ్ల దగ్గర ఉంటుంది. అల్యూమినియం రేకు దొరికింది కానీ అసలు దానికి రెట్టింపు మందం. ముడతలైతే సరిగ్గా పడ్డాయి. ఒకటే మారిస్తే నేను రెండో దానితో పోల్చి పట్టేస్తానని, బాగున్న ఎడమ రేకు కూడా పీకేసి రెండూ కొత్తవి వేశారు.

నేను పోల్చి చూస్తానని ఆయనకు తెలుసు. ముప్పై ఏళ్ల కాపురంలో నన్నంత బాగా తెలుసుకున్నది ఇందుకని నాకు అప్పుడు తెలిసింది.

"ఫ్యూజ్ తీయించింది నువ్వే కదా" అన్నారు. నిజమే. ఆ మాట నాకు ఆ రోజే చెప్పి ఉంటే, నేను వాదించేదాన్ని, ఓడిపోయేదాన్ని, అన్నం తినకుండా రెండు రోజులుండి, మూడో రోజు రాజేశంతో కలిసి సరైన రేకు కోసం వెతికేదాన్ని.

"క్లాసులు ఆపేసిన రోజైనా చెప్పొచ్చు కదండీ. శ్రుతిపెట్టె బీరువా మీదికి ఎక్కిస్తున్నప్పుడు?"

"అప్పటికి చాలా దూరం వచ్చేశాం ఉమా."

వచ్చేశాం అట.

రాజేశం మర్నాడు పొద్దున్నే వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "తప్పు మాదే అక్కా. నీ నోటికి భయపడ్డం. గని నువ్వు గూడ జర..." అని ఆగాడు.

"జర ఏంటి, చెప్పు."

"ఏం లేదక్కా."

చూశారా, ఇప్పుడు కూడా చెప్పడు. నా నోటి సంగతి నాకు తెలుసు. కానీ తిట్టు తినాల్సొస్తుందని ఒక మనిషి చెవులు తీసేస్తారా?

అప్పుడడిగాను, ఈ మాటలు మీరు ఏ గదిలో అనుకున్నారని. మా హాల్లోనే అనుకున్నాను నేను. కాదన్నాడు. బేగంపురాలో, రోలరు పక్కన ఇద్దరూ నిలబడి, రేకు ముడతలు పడుతుండగా అనుకున్నారట.

నన్నక్కడికి తీసుకెళ్లమన్నాను. సందులో రెండు గదుల ఇల్లు, అరుగు మీద యంత్రం. దాన్ని నడిపే కాంతిభాయ్‌కి డెబ్భై దాటి ఉంటాయి. నేనెవరో, ఎందుకొచ్చానో చెప్పొద్దని రాజేశానికి ముందే చెప్పి, ఒక రేకు ముక్కకు ముడతలు పెట్టివ్వమన్నాను. ఆయన రోలరు తిప్పారు. టిక్, టిక్, టిక్. రేకు అందిస్తున్న రాజేశం తొందరపడితే, "ధీమే, ధీమే" అన్నారు. చివరి ముక్క బయటికి రాగానే, "బస్, థఈ గయుం" అన్నారు. అదే గొంతు. నా సంచీలో నోటీసు కాగితం ఉంది, తీసి చూసుకోవాల్సిన పని పడలేదు. అరుగు మీదే కూర్చుండిపోయాను. ఆయన మంచినీళ్లిచ్చారు.

గ్రామఫోను రికార్డులా, ముడతలు పడుతున్నప్పుడు మాటలు కూడా రేకులోకి అచ్చయ్యాయని రాజేశం అంటాడు. వినడానికి బాగుంది. నేను ఒప్పుకోను. ముడతలు పెట్టింది ఇనుప పళ్లు, గొంతులు కాదు. ఒకవేళ అచ్చయినా, చదవడానికి ముల్లు కావాలి, తిప్పడానికి మోటారు కావాలి. ఎనిమిది నెలలు అదే రేకు మీద పాటలు పాడితే చెదిరిపోని అచ్చు, కరెంటు లేని మధ్యాహ్నం తనంత తాను ఎలా తిరిగింది? ఇలాంటి రేకును మైకుగా వాడతారని నాకు తెలుసు, అది వింటుంది. వినడం వేరు, గుర్తు పెట్టుకోవడం వేరు.

నీలో అనుమానం ఉండి నువ్వే అల్లుకున్నావని మా ఆయన అంటారు. అనుమానమే ఉంటే ఆయన బతుకు ఎనిమిది నెలలు ప్రశాంతంగా నడిచేది కాదు. నాకు ఒక్క రవ్వ అనుమానం లేదు. నా చెవుల కంటే ఆయన మాటనే ఎక్కువ నమ్మాను. ఆ గుజరాతీ ముక్కలు నేనెక్కణ్ణుంచి అల్లానో అడిగితే లేచి వెళ్లిపోతారు.

క్లాసులు మళ్లీ మొదలుపెట్టాను. నలుగురు వచ్చారు. హరిణి రాలేదు, ఫోనులో ఎవరో మద్రాసు టీచరు దగ్గర నేర్చుకుంటోందట. డాక్టరు కాగితం మీద గీత కూడా అబద్ధం కాదు కదా. ఆ శనివారం ఆ పిల్ల శ్రుతి తప్పిందో, నేను తప్పు విన్నానో ఇక తేలదు. ఈయన అబద్ధం, నా వయసు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. విడదీయడం నా వల్ల కావడం లేదు.

పల్చటి రేకు దొరికింది, మార్చేస్తానని రాజేశం రెండుసార్లు అడిగాడు. ఆ పాతవి తీసి బయట పడేయించమని మా ఆయన అడుగుతూనే ఉన్నారు. నేను తీయనివ్వలేదు. ఆ తర్వాత ఆ పలక మళ్లీ మాట్లాడలేదు. అది ఎలా పలికిందో నాకు అంతుపట్టలేదు. నేను చదివిన ఫిజిక్స్‌లో దానికి చోటు లేదు, నేను వెక్కిరించిన పిన్ని కబుర్లలోనూ లేదు.

మా ఆయన ఇప్పుడు హాల్లో మాట్లాడరు. ఫోనొస్తే బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంటారు. నాతో ఏమన్నా చెప్పాలన్నా వంటగదిలోకి వచ్చి చెప్తారు. మొన్న ఆదివారం నేను హాల్లో కూర్చుని సూటిగా అడిగాను: "ఇంతకీ మీకు భయం దాన్ని చూస్తేనా, నన్ను చూస్తేనా?"

ఆయన గుమ్మంలో నిలబడి పలక వైపు చూశారు. "ముందు నువ్వు బయటికి రా, చెప్తాను" అన్నారు.

నేను కదల్లేదు. ఏం చెప్పినా ఇక్కడే, దీని ముందే చెప్పమన్నాను. ఆయన చెప్పులేసుకుని కూరగాయలకు వెళ్లిపోయారు.